నాలుగో తొట్టి, గోవిందు మామ గుంట

చేపల హేచరీలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిస్తే ముందు అడిగే ప్రశ్న ఒకటే. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉండాలి మేడమ్? పోయిన నెల ఇద్దరు అమ్మాయిలు మురుంగపాక్కంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఇదే అడిగారు. నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, నేను చెప్పబోయే అంకె కోసం ఎదురుచూస్తూ కూచున్నారు. చెప్పాను. రాసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక నాకు మనసు మనసులో లేదు. ఆ అంకె నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలుసు. తెలిసి కూడా ఒక తొట్టిలో సగానికి పైగా చేపపిల్లల్ని చంపాను. ఒక మనిషి చేతిలోంచి ఆయన గుంట జారిపోయేలా చేశాను. ఆ సంగతి వాళ్లకు చెప్పకుండా అంకె మాత్రం చెప్పి పంపాను. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు సరోజ. పుదుచ్చేరికి దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ప్రైవేటు హేచరీ లేబొరేటరీలో పనిచేసి రిటైరయ్యాను. మా తాతల కాలం నుంచి మాకు ముదలియార్‌పేటలో నూనె కొట్టు. ఇంట్లో మాట తెలుగే అయినా చదువు తమిళంలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు రాయడం నాకు నేర్పింది మా మేనేజరు సుబ్బరామయ్య గారు, నెల్లూరు మనిషి. వానాకాలంలో పని తగ్గినప్పుడు పాత రిజిస్టర్ల వెనక పేజీల్లో నాచేత అక్షరాలు దిద్దించారు. ఆయన గురించి మంచీ చెప్తాను, చెడూ చెప్తాను. జీతాలు, ప్రమోషన్లు, ఇన్స్పెక్షన్లు నాకూ ఉన్నాయి, వాటితో మీకు పనిలేదు.

సీసా, మీటరు

హేచరీ అంటే చేపల్ని చూసే చోటనుకుంటారు. నా ఉద్యోగంలో నేను చేపల్ని చూసింది తక్కువ. చూసిందంతా నీళ్లనే. అదీ కంటికి కనపడని దాన్ని. నీళ్లు తేటగా ఉండొచ్చు, వాసన లేకుండా ఉండొచ్చు, అయినా అందులో ఊపిరి లేకపోవచ్చు.

నేను చేరినప్పుడు ఆక్సిజన్ చూడాలంటే గాజు సీసాలే. తొట్టిలో సీసాను ముంచి, లోపల ఒక్క బుడగ కూడా చిక్కకుండా మూత పెట్టాలి. రెండు మందులు పోస్తే గోధుమరంగు మడ్డి కడుతుంది. అది అడుగుకు దిగేదాకా ఆగాలి. ఆ తర్వాత ఆసిడ్ పోసి, గంజి చుక్క వేసి, వచ్చిన నీలం రంగు పోయేదాకా చుక్కచుక్కగా ఇంకో మందు వదలాలి. ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే అంత ఎక్కువ ఆక్సిజన్ ఉన్నట్టు లెక్క. ఒక్కో సీసాకు అరగంట పట్టేది. తొట్లు పన్నెండు.

తర్వాత మీటరు వచ్చింది. వైరు చివర ఉన్న కడ్డీని నీళ్లలో పెడితే అంకె చూపిస్తుంది. ఆ రోజు మేమంతా దాని చుట్టూ పెళ్లికొడుకును చూడ్డానికి మూగినట్టు మూగాం. దానికి పక్కన చిన్న మర ఒకటి ఉండేది. నీళ్లలో ఉప్పు ఎంతుందో ఆ అంకె మీదికి మరను తిప్పిపెట్టాలి. ఉప్పునీళ్లు మంచినీళ్లంత ఆక్సిజన్ పట్టుకోలేవు. ఆ తేడాను మనం మర తిప్పి చెప్తేనే మీటరుకు తెలుస్తుంది. చెప్పకపోతే సముద్రపు నీళ్లను కూడా బావినీళ్లే అనుకుని, ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపిస్తుంది.

సుబ్బరామయ్య గారు ఆ రోజే నాకు చెప్పారు. "మీటర్ వచ్చింది గదా అని సీసాలు గూట్లో పెట్టబాకమ్మా. రోజుకొక్క తొట్టికన్నా రెండూ కలిపి చూడు." కొన్నాళ్లు చూశాను. తర్వాత రెండు రోజులకొకసారి చూశాను. ఆ ఎండాకాలం వచ్చేసరికి సీసాలు గూట్లోనే ఉన్నాయి. నన్నెవరూ అడగలేదు. అడగరు కూడా. ఈ పనిలో మానేసిన జాగ్రత్త ఆ రోజే బయటపడదు.

వేడి నీళ్లు

అసలు విషయం తేలిగ్గానే చెప్పొచ్చు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. చేపకు మనలా ఒంట్లో వేరే వేడి లేదు. నీళ్ల వేడే దాని వేడి. నీళ్లు కాగితే దాని ఒళ్లూ కాగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఇంకా ఎక్కువ ఊపిరి కావాలంటుంది. కావాల్సింది పెరిగే వేళకే దొరికేది తగ్గుతుంది. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని మేడ మెట్లెక్కమన్నట్టు ఉంటుంది దాని పని. పెద్ద చేప సముద్రంలో అయితే లోతుకు పోయి తప్పించుకుంటుంది. తొట్టిలో వేలెడు పిల్ల ఎక్కడికి పోతుంది?

మేత పెడితే ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. తిన్నది అరగాలన్నా ఆక్సిజనే కావాలి. ఊపిరాడని పిల్లకు మేత వెయ్యడమంటే చావు దగ్గర చెయ్యడమే. ఇదంతా నాకు పుస్తకంలో తెలుసు.

మర సున్నా మీద ఉన్న నాలుగు రోజులు

గోవిందు మామది మా వీధే. నిజానికి మామ వరసేమీ లేదు, పుట్టినప్పటినుంచి అలా పిలవడమే. మురుంగపాక్కంలో ఆయనకు రెండెకరాల నేల ఉండేది. ఉప్పుటేరు పక్కన కాబట్టి ఏటికేడు ఉప్పెక్కి వరి పండడం మానేసింది. చుట్టుపక్కల వాళ్లంతా ప్లాట్ల వాళ్లకు ఇచ్చేశారు. మామ ఒక్కడే ఇవ్వలేదు. నేలంతా గుంటగా తవ్వించి, కొడువా పెంచుతానన్నాడు. పండుగప్పను ఇక్కడ కొడువా అంటారు. ఇది కూడా కుదరకపోతే ఇంక నేల వదిలేస్తానని ఇంట్లో మాటిచ్చాడు. ఆ మాట నాతో కూడా అన్నాడు. మా హేచరీ నాలుగో తొట్టిలో పిల్లలు ఆయన కోసమే పెరుగుతున్నాయి.

గుంటలో కలిపే బోరునీళ్లు ఒకసారి చూడమని అడిగితే, మీటరు తీసుకుని మోపెడ్ మీద వెళ్లాను. బోరులో పడేది మంచినీళ్లు. అందుకని ఉప్పు మరను సున్నాకు తిప్పాను. అది సరైన పనే. నీళ్లు చాలా బాగున్నాయి. మామ మొహం వెలిగిపోయింది, అత్త మజ్జిగ ఇచ్చింది. హేచరీకి తిరిగొచ్చి మీటరు బల్ల మీద పెట్టాను. మర వెనక్కి తిప్పలేదు.

అప్పటికి కత్తిరి మొదలైంది. మే నెలలో నిప్పులు చెరిగే ఆ మూడు వారాలను మేమలా అంటాం. పైపులో వచ్చే సముద్రపు నీళ్లే గోరువెచ్చగా వస్తున్నాయి. దానికి తోడు తొట్లకు గాలి కొట్టే రెండు బ్లోయర్లలో ఒకటి కాలిపోయి, వైండింగుకు తట్టాంచావడి వర్క్‌షాపుకు వెళ్లింది. మీటరు సరిగ్గా చెప్పి ఉంటే నేను వర్క్‌షాపు వాళ్ల ప్రాణం తీసి బ్లోయరు తెప్పించేదాన్ని, పిల్లల్ని పలచన చేసేదాన్ని. అంకె బాగుంది కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. అలా నాలుగు రోజులు గడిచాయి.

"ఇది ఆకలి గాదు"

అయిదో రోజు మధ్యాహ్నం ముత్యాలక్క నన్ను కేకేసింది. ముత్యాలక్క మా హేచరీలో మేత వేసే మనిషి. దినకూలీ. అక్షరం ముక్క రాదు. తొట్టి దగ్గరికి వెళ్తే ముందు తన నీడ నీళ్ల మీద పడకుండా నిలబడి కాసేపు చూసేది, తర్వాత చెయ్యి ముంచేది, ఆ తర్వాతే మేత డబ్బా తెరిచేది. మేం అది చూసి నవ్వుకునేవాళ్లం.

"సరోజా, ఇట్టా రా. ఇవి సరిగా లేవు."

వెళ్లి చూశాను. అన్ని తొట్లలోకీ ఒత్తుగా పిల్లలున్న నాలుగో తొట్టి అది. పిల్లలు పైకొచ్చి, గాలి బుడగలు లేచే చోట గుంపుగా ఉన్నాయి.

"ఆకలేమో అక్కా. పొద్దున మేత తక్కువేసినాం గదా."

"ఇది ఆకలి గాదు మ్మా. ఆకలైతే నా చెయ్యి చూస్తానే ఉరికి రావా? నీడ పడినా కదల్లేదు చూడు. మూతి చూడు, ఎట్టా తెరిచి పెట్టుకోనుందో. పావం, ఊపిరాడక."

మీటరు తెచ్చి పెట్టాను. అంకె బాగుంది.

"మీటర్ కరెక్టుగానే ఉంది అక్కా. ఆకలితో ఉంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి. మేత వెయ్యి."

కొడువా పిల్లల సంగతి తెలిసినవాళ్లకు నా భయం అర్థమవుతుంది. ఆకలైతే పెద్దది చిన్నదాన్ని తోక దాకా మింగేస్తుంది, మింగలేక రెండూ చస్తాయి. పైకొచ్చాయంటే ముందు ఆకలే గుర్తొస్తుంది మా వృత్తిలో. అంతమాత్రాన నా తప్పు తగ్గదు. కళ్లెదుట మనిషి మూతి చూడమంటుంటే నేను మీటరు మీది అంకె చూశాను.

"నువ్వు చెప్తే వేస్తాను. నాకైతే తోచలా" అంది ముత్యాలక్క. వేసింది. కొన్ని తిన్నాయి.

మూడున్నరకు మొదటి తెల్లటి పొట్ట పైకి తేలింది. తర్వాత పది, తర్వాత లెక్క లేదు. అప్పుడు పరిగెత్తి గూట్లోంచి సీసా తీశాను. మడ్డి దిగేదాకా ఆగాలి కదా, ఆగుతుంటే తొట్టిలో అవి తిరగబడుతూనే ఉన్నాయి. తొందరలో మందు ఒలికింది. నీలం రంగు నేను అనుకున్నదానికంటే ఎన్నో చుక్కల ముందే విరిగిపోయింది. సుబ్బరామయ్య గారు వచ్చి సీసా చూశారు, మీటరు చూశారు. కోప్పడలేదు. బొటనవేలు మర మీద పెట్టి, "ఇది సున్నా మీద ఎందుకుందమ్మా?" అన్నారు. ఆ క్షణంలో మామ ఇంటి మజ్జిగ గ్లాసు నా కళ్లముందు కనిపించింది.

పిల్లల్ని పంపే సంచులు నింపడానికి ఉంచిన ఆక్సిజన్ సిలిండరు తెచ్చి తొట్టికి పెట్టాం. సగం పిల్లల్ని ఖాళీ తొట్టికి మార్చాం. చీకటి పడే వేళకు పోయినవి పోగా మిగిలినవి మిగిలాయి. సగానికి పైగా పోయాయి. ముత్యాలక్క చేతివలతో తోడి బుట్టలకెత్తింది. సరుగుడు తోపులో గుంత తీసి పూడ్చాం. నేను ఏడ్చాను.

"ఇవ్వచ్చా?"

ఇంతవరకు జరిగింది పొరపాటు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దీని తర్వాత నేను చేసింది పొరపాటు కాదు.

మిగిలిన పిల్లలు నాలుగు రోజుల్లో తేరుకున్నట్టే కనిపించాయి. తిన్నాయి, ఈదాయి. కానీ వలతో తరిమితే తొందరగా అలిసిపోతున్నాయి. ఒకటి రెండింటిని పట్టి చూస్తే మొప్పలు పాలిపోయి ఉన్నాయి. వేడిలో ఊపిరాడక బతికి బయటపడిన పిల్ల బయటికి మామూలుగానే ఉంటుంది. ఇంకో ఎండదెబ్బకు తట్టుకోదు. ఇంకో మూడు నాలుగు వారాలు మా దగ్గరే ఉంచి, మంచి గాలి, కొద్దికొద్దిగా మేత ఇచ్చి నిలబెట్టాలి. నాకది తెలుసు.

గుంటలో నీళ్లు నింపుకుని మామ ఎదురుచూస్తున్నాడు. సుబ్బరామయ్య గారు నన్ను పిలిచి అడిగారు.

"గోవిందు పిల్లలు ఇవ్వచ్చామ్మా? నువ్వు చెప్పు."

ఇవ్వకూడదంటే ఎందుకో మామకు చెప్పాలి. ఎందుకో చెప్తే మర సంగతి చెప్పాలి.

"ఇవ్వచ్చు సార్" అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి సంతకం పెట్టారు. ఆయన కూడా ఆ మొప్పలు చూశారు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి, నా తప్పును నలుగురిలో పెట్టని మనిషి, ఆ ఒక్క ప్రశ్న నన్ను అడిగి ఉండకూడదు. జవాబు తనకు తెలిసి కూడా బరువు నా మీద పెట్టారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను. మీ పై అధికారి తనకు తెలిసిన జవాబునే మిమ్మల్ని అడుగుతుంటే, ఆయన దేన్ని తప్పించుకుంటున్నాడో ముందు ఆలోచించండి.

తెల్లవారగానే చల్లటి పూట సంచులు కట్టి ఆటోలో మురుంగపాక్కం తీసుకెళ్లాం. మామ కొత్త పంచె కట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"నువ్వే వదులు సరోజా. నీళ్లు చూసిచ్చింది నువ్వే గదా. నీ చెయ్యి మంచిది."

నా చేత్తోనే వదిలాను.

ఆరో రోజుకు గుంట మూలల్లో పిల్లలు చచ్చి తేలడం మొదలైంది. మామ తడి తువ్వాలులో చచ్చిన పిల్లల్ని చుట్టుకుని హేచరీకి వచ్చాడు. "నా గుంటలో ఏముంది మ్మా? చెప్పు. మేం ఏం తప్పు చేసినాం?" అని అడిగాడు. మళ్లీ మీటరు తీసుకుని వెళ్లి చూశాను. ఈసారి సీసాతోనూ చూశాను. ఆ ఎండలో ఆ గుంట నీళ్లు ఉండాల్సినంత బాగానే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలైతే బతికేవి.

"నేల ఉప్పుది గదా మామా, పైగా మండే ఈ వెయిలు. ఇదీ అని చెప్పలేం" అన్నాను.

ఆయన నమ్మాడు. నేను నీళ్లు చూసేదాన్ని కదా, నమ్మక ఏం చేస్తాడు? వరిని చంపిన నేలే చేపనూ చంపిందని ఇంట్లో చెప్పాడు. దీపావళికి ముందే ఆ రెండెకరాలూ ప్లాట్ల వాళ్లకు పోయాయి. ఇప్పుడక్కడ మూడు వీధులున్నాయి.

మామ నేల అమ్ముకున్న నెలలోనే ఒకరోజు ముత్యాలక్క తొట్టి కడుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"మామకి చెప్పినావా?"

"లేదక్కా."

"ఊ" అంది. తను చనిపోయేదాకా మళ్లీ అడగలేదు.

నేను మార్చుకున్నవి

ఆ తర్వాత రిటైరయ్యే రోజు దాకా సీసా మానలేదు. మీటరు ఏదైనా సరే, ఎంత కొత్తదైనా సరే. చివరి ఏళ్లలో వచ్చినవాళ్లు నా వెనక నవ్వేవాళ్లు, మేము ముత్యాలక్కను చూసి నవ్వినట్టే. నవ్వనిచ్చాను. పరికరం బయటికి పోయి వస్తే, దాన్ని వాడినవాళ్లే మళ్లీ సరిచేసి సంతకం పెట్టాలన్న పద్ధతి పెట్టించాను. కత్తిరి రోజుల్లో మధ్యాహ్నం మేత మాన్పించాను. అన్నిటికంటే ముఖ్యంగా, తొట్టి దగ్గరికి వెళ్తే ముందు నీడ పడకుండా నిలబడి పిల్లల మూతులు చూడడం నేర్చుకున్నాను. ఆకలైన పిల్ల ఉరికొచ్చి అందుకుని కిందికి పోతుంది. ఊపిరాడని పిల్ల వాలుగా నిలబడి మూతి తెరిచి అక్కడే ఉంటుంది. మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయో గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి. రోజూ లెక్కపెడితే మీ తొట్టికి ఏది మామూలో మీకే తెలుస్తుంది. అంకె దాని తర్వాత చూడండి.

ఇవన్నీ మార్చుకున్నాను గానీ మామకు మాత్రం చెప్పలేదు. ఒకే వీధిలో ఇరవై ఏళ్లు, పండగలకు, చావులకు, పెళ్లిళ్లకు ఎదురుపడుతూ, చెప్పలేదు.

బోండాల కొట్టు

ఇది రాయడం మొదలుపెట్టాక ఆయనకు చెప్పకుండా కాగితం మీద పెట్టడం న్యాయం కాదనిపించింది. పోయిన వారం వెళ్లాను. మామకు ఇప్పుడు డెబ్బై దాటాయి. కడలూరు రోడ్డు బస్టాపు దగ్గర అత్తతో కలిసి కొబ్బరిబోండాలు అమ్ముతాడు. ఆయన ఇల్లు, కొట్టు రెండూ దగ్గరే. మధ్యలో దారి ఆ మూడు వీధుల గుండానే.

"ఏం సరోజా, ఈ వెయిల్లో యాడికి బయల్దేరినావు? కూచో, బోండాం కొడతా."

ఆయన బోండాం చెక్కుతుండగా చెప్పాను. మర సంగతి చెప్పాను. మేత వెయ్యమన్నది నేనేనని చెప్పాను. మొప్పలు పాలిపోయి ఉండడం చూసి కూడా ఇవ్వచ్చన్నది నేనేనని, నా చేత్తో వదిలేటప్పుడు కూడా నాకు తెలుసునని చెప్పాను. చచ్చిన పిల్లల్ని తెచ్చి అడిగినప్పుడు అబద్ధం చెప్పానని చెప్పాను. కత్తి బోండాం మీద అలాగే ఆగిపోయింది. తిడతాడని, లేచి పొమ్మంటాడని సిద్ధపడి ఉన్నాను. అలా జరిగితే నాకూ కాస్త తేలికయ్యేదేమో.

ఆయన రోడ్డు వైపు చూశాడు. ఒక బస్సు వచ్చి ఆగి వెళ్లింది.

"అయితే నా గుంట మంచిదేనా మ్మా?" అన్నాడు.

"మంచిదే మామా. నీళ్లూ మంచివే. నీ తప్పేమీ లేదు."

కత్తి కింద పెట్టి, లోపల గోనె మీద కూచుని పీచు ఏరుతున్న అత్త వైపు తిరిగాడు. ఆవిడకు చెముడు. గొంతు పెంచి చెప్పాడు.

"ఏమే, వింటివా? మన గుంట మంచిదేనంట."